ముఖం చూసి మైకు ఇచ్చారు

1957. అమెరికాలోని దక్షిణ ఫిలడెల్ఫియా. ఓ పోలీసు ఉద్యోగికి గుండెపోటు వచ్చింది. ఇంటి ముందు అంబులెన్స్ ఆగి ఉంది. ఆయన పెద్దకొడుకు, 14 ఏళ్లవాడు, ఏం చేయాలో తోచక గుమ్మం దగ్గర ఉన్నాడు. అటుగా వచ్చిన ఒకాయన ఆ కుర్రాడి ముఖం చూసి, పాటలు పాడతావా అని అడిగాడు. తండ్రి ప్రాణం మీదకి వచ్చి ఉంటే ఇదేం ప్రశ్న? కుర్రాడికి ఒళ్లు మండి పొమ్మన్నాడు.

ఆ వచ్చినాయన పేరు బాబ్ మార్కుచీ. చాన్సలర్ రికార్డ్స్ అనే కంపెనీ నడిపే ఇద్దరిలో ఒకడు. అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు, మళ్లీ వచ్చాడు. తండ్రి మునుపటిలా డ్యూటీకి వెళ్లే పరిస్థితి లేదు, కింద ఇద్దరు తమ్ముళ్లు. ఇల్లు గడవాలి కాబట్టి కుర్రాడు సరేనన్నాడు. ఫేబియానో ఫోర్టే కాస్తా ఉత్త 'ఫేబియన్' అయ్యాడు. రెండేళ్లు తిరిగేసరికి అమెరికా అమ్మాయిలు వాణ్ని చూసి కేకలు పెట్టి ఏడ్చే స్థాయికి చేరాడు. ఇంకో ఏడాదికి కౌబాయ్ సినిమాల పెద్ద హీరో జాన్ వేన్ పక్కన సినిమాలో ఉన్నాడు.

ఈ కథలో నన్ను పట్టుకున్నది ఒకటే. మార్కుచీ ఆ రోజు కుర్రాడి గొంతు వినలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న జనవరిలో మా విశాఖ గాజువాకలో ఒక మిత్రుడి ఇంట్లో ఒక అగ్రిమెంటు చదవాల్సి వచ్చింది. వాళ్లబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్. బాగా పాడతాడు. చిన్నప్పటి నుంచి ఎంవీపీ కాలనీలో ఒక మేడమ్ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నాడు, కళాభారతిలో ఒకట్రెండు పోటీల్లో ప్రైజులు కూడా తెచ్చుకున్నాడు. కిందటేడు రుషికొండ బీచ్‌లో స్నేహితులు తీసిన ఓ కవర్ సాంగ్ రీల్ ఎలాగో జనంలోకి వెళ్లిపోయింది. దాన్ని చూసి బయటి ఊరి సంస్థ ఒకటి ఫోన్ చేసింది. ముందు ఆల్బమ్, తర్వాత వెబ్ సిరీస్, ఆ తర్వాత సినిమా అన్నారు. స్పైరల్ బైండింగ్ చేసిన 11 పేజీల ఇంగ్లీషు కాగితాలు కొరియర్‌లో పంపారు.

నేను టీ తాగుతూ ఒక్కో క్లాజు తెలుగులో చెబుతున్నాను. ఐదేళ్లు వేరే ఎవరికీ పాడకూడదు. పేరు, ఫొటో, వీడియో, సోషల్ మీడియా ఖాతా సంస్థ చేతిలో ఉంటాయి. మధ్యలో మానేస్తే ప్రచారానికి పెట్టిన ఖర్చంతా వడ్డీతో తిరిగివ్వాలి. ఆ ఖర్చు ఎంతో తేల్చేది కూడా వాళ్లే. నాలుగు కిలోలు తగ్గాలి. రాతపూర్వక అనుమతి లేకుండా హెయిర్ స్టైల్ మార్చకూడదు. అంతా విని వాళ్లమ్మ ఒకే ప్రశ్న వేసింది: "ఏటన్నయ్యా, పదకొండు పేజీలు రాశారు గానీ వాడి పాట గురించి ఒక్క ముక్కైనా లేదేటి?"

ఆవిడ అడిగినదే ఫేబియన్ కథ మొత్తం.

1957 ఆగస్టులో ఫిలడెల్ఫియా నుంచే డిక్ క్లార్క్ వ్యాఖ్యాతగా 'అమెరికన్ బ్యాండ్‌స్టాండ్' అనే టీవీ పాటల కార్యక్రమం దేశమంతా ప్రసారం కావడం మొదలైంది. సాయంత్రం బడి వదిలాక పిల్లలు చూసే షో. అక్కడికి వచ్చే గాయకులు చాలావరకు నిజంగా పాడేవాళ్లు కాదు. రికార్డు వేస్తే పెదాలు కదిపేవాళ్లు. ఇవాళ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ముందు నిలబడి మన పిల్లలు చేస్తున్నది అదే, కాకపోతే వీళ్లకి స్టూడియో అక్కర్లేదు. ఇక 1958 మార్చిలో అప్పటి రాక్ అండ్ రోల్ రారాజు ఎల్విస్ ప్రెస్లీ సైన్యంలోకి వెళ్లాడు, తిరిగొచ్చేసరికి రెండేళ్లు పట్టింది. ఆ సీటు ఖాళీ. అందులో కూర్చోబెట్టడానికి అందమైన, ఎల్విస్ కంటే నెమ్మదస్తుడైన, అమ్మానాన్నలకి భయం కలిగించని కుర్రాడు కావాలి. టీవీ స్టూడియో ఊళ్లోనే ఉంది, ముఖం పక్క వీధిలో దొరికింది. గొంతు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తర్వాత కూడా పెద్దగా చూసుకోలేదు. మొదటి రికార్డులు ఆడలేదు. మార్కుచీ పత్రికల్లో ముందు ఫేబియన్ వస్తున్నాడని, తర్వాత ఎవరీ ఫేబియన్ అని ప్రకటనలు వేయించాడు. సినిమా టీజర్ వదిలే పద్ధతే. డాక్ పోమస్, మోర్ట్ షూమన్ అనే గట్టి జంట రాసిన 'టర్న్ మీ లూజ్' 1959లో టాప్ టెన్‌లోకి వచ్చింది. అదే ఏడాది 'టైగర్' మూడో స్థానం దాకా వెళ్లింది. విమర్శకులు మాత్రం ఇతనికి పాట రాదని మొహమాటం లేకుండా రాశారు. విని చూడండి, వాళ్లది మరీ అన్యాయం అనిపించదు. శ్రుతి అటూ ఇటూ అవుతుంది, పైస్థాయి వచ్చేసరికి గొంతు అరుపులోకి దిగుతుంది. కానీ ఆ కుర్రాడిలో సిగ్గు ఉంది. తనకి రాని పని చేయిస్తున్నారన్న ఇబ్బంది ముఖంలో కనిపిస్తుంది. అమ్మాయిలకి నచ్చింది అదేనేమో, నాకు తెలీదు. కెమెరాకి మాత్రం కచ్చితంగా నచ్చింది.

పాట రానివాడు సినిమాకి వెళ్తే దిగజారడం అనుకుంటాం. ఫేబియన్ విషయంలో తిరగబడింది. మైకు ముందు వాడు అప్పులో ఉన్నవాడు. కెమెరా ముందు లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. 1959లో ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ 'హౌండ్ డాగ్ మ్యాన్' అనే సినిమాలో హీరోని చేసింది. దర్శకుడు డాన్ సీగల్, ఆషామాషీ మనిషి కాదు. సినిమా అనుకున్నంత ఆడలేదు. దాంతో స్టూడియోకి ఒకటి అర్థమైంది. ఈ కుర్రాడి పేరు చూసి రికార్డు కొన్నవాళ్లంతా టికెట్ కొనరు. పెద్ద హీరో పక్కన పెడితే మాత్రం పోస్టర్‌కి పనికొస్తాడు.

ఇక్కడ ఓ వరస చూడండి. 1959లో 'రియో బ్రావో': జాన్ వేన్, పక్కన రికీ నెల్సన్. 1960లో 'ది అలమో': జాన్ వేన్, పక్కన ఫ్రాంకీ ఆవలాన్. అదే ఏడాది 'నార్త్ టు అలాస్కా': జాన్ వేన్, పక్కన ఫేబియన్. ముగ్గురూ టీనేజ్ పిల్లల ఆరాధ్య గాయకులే. అప్పటికి వేన్ వయసు 50 దాటింది. నాన్నలు వేన్ కోసం వస్తారు, కూతుళ్లు కుర్రాడి కోసం వస్తారు, కారు నిండుతుంది. మన దగ్గర సీనియర్ హీరో సినిమాలో తమ్ముడి పాత్ర ఎవరికిస్తారో, ఎందుకిస్తారో జగదాంబ సెంటర్లో టికెట్ క్యూలో నిలబడిన ఎవరికైనా తెలుసు. 'నార్త్ టు అలాస్కా'లో ఫేబియన్‌ది అచ్చంగా తమ్ముడి పాత్రే. హీరో స్నేహితుడి తమ్ముడు. హీరోయిన్ కాపుసీన్‌ని చూసి కరిగిపోయే పసివాడు. మధ్యలో ఆమె కోసం ఓ పాట కూడా పాడతాడు. ఆ పాట వస్తే కథ ఆగుతుంది. పాట అవ్వగానే మళ్లీ కదులుతుంది. గాయకుణ్ని సినిమాలో పెట్టుకున్నందుకు కట్టిన పన్ను అది.

అదే కుర్రాడు పాట లేని సీన్లలో తేలికగా ఉంటాడు. పెద్దవాళ్ల మాటలకి ముఖం మాడ్చుకోవడం, తాగి తూలడం, దొంగచూపులు చూడటం అతనికి వచ్చు. హాస్యం కూడా వచ్చు. తర్వాత మరో పెద్ద హీరో జేమ్స్ స్టూవర్ట్ సినిమాల్లో అతన్ని రెండుసార్లు పెట్టుకున్నారు.

అసలు మలుపు సినిమాలో కాదు, టీవీలో వచ్చింది. 1961 డిసెంబరులో ఏబీసీ చానల్ 'బస్ స్టాప్' సిరీస్‌లో ఓ ఎపిసోడ్ వేసింది. దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్. అప్పటికి టీవీ పని చేసుకుంటున్న మనిషి, పెద్ద పేరు ఇంకా రాలేదు. అందులో ఫేబియన్ ఊరికి కొత్తగా వచ్చిన అందమైన కుర్రాడు. హంతకుడు. ఆల్ట్‌మన్ చేసిన తెలివైన పని ఏంటంటే ఆ ముఖాన్ని దాచలేదు. అమెరికా అమ్మాయిలు గోడకి అంటించుకున్న ముఖాన్నే తీసుకుని, దాని వెనక ఖాళీ ఎలా ఉంటుందో చూపించాడు. పేరున్న నటుణ్ని పెడితే అంత భయం పుట్టదు. గుళ్లో పూజారిని దొంగగా చూసినట్టు ఉంటుంది ఇది.

గొడవ మామూలుగా జరగలేదు. చాలా స్థానిక స్టేషన్లు ఎపిసోడ్ వేయబోమన్నాయి. టీవీలో హింస పిల్లల్ని పాడుచేస్తోందని సెనేట్‌లో విచారణ జరుగుతున్న కాలం. ఈ ఎపిసోడ్ ఆ విచారణ దాకా పోయింది. హింస ఎక్కువైందన్నది పైకి చెప్పిన కారణం. అది అబద్ధం కాదు కూడా. కానీ ఆ రోజుల్లో టీవీలో తుపాకులు పేలని రాత్రి లేదు. కౌబాయ్ సీరియళ్లలో వారానికి ఎంతమంది చచ్చేవారో లెక్కేలేదు. అంత కలవరం కలగడానికి కారణం చంపింది ఎవరన్నదే అని నా అనుమానం. ముద్దు పెట్టుకోవడానికి తయారుచేసి పెట్టిన ముఖం అది. దానికి వేరే పని చెప్పే హక్కు అతనికి లేదని జనం తీర్మానించేశారు.

నా లెక్కలో ఫేబియన్ నటుడిగా పుట్టింది, దెబ్బతిన్నది ఆ ఒక్క రాత్రే. ఆ ఏడాదే ఇంకోటి జరిగింది. 18 ఏళ్లు నిండాయి. మార్కుచీతో ఉన్న కాంట్రాక్టు నుంచి డబ్బు కట్టి బయటపడ్డాడు. 65 వేల డాలర్లు. 1960ల మొదట్లో అమెరికాలో ఆ డబ్బుతో మంచి ఇళ్లు మూడో నాలుగో వచ్చేవి. తన ముఖాన్ని తనే కొనుక్కోవడానికి అంత అయింది. పాటల కెరీర్ దాంతో దాదాపు ఆగిపోయింది.

తర్వాతి సినిమాల జాబితా పెద్దదే గానీ అంతా చెప్పక్కర్లేదు. రెండు ముచ్చట్లు చాలు. 1962లో 'ది లాంగెస్ట్ డే', రెండో ప్రపంచయుద్ధంలో నార్మండీ తీరం మీద జరిగిన దాడి గురించి తీసిన భారీ చిత్రం. అందులో కొండ ఎక్కే అమెరికన్ రేంజర్ సైనికుల్లో ఫేబియన్, పాల్ ఆంకా, టామీ శాండ్స్ ముగ్గురూ ఉన్నారు. ముగ్గురూ పాప్ గాయకులే. చిన్నప్పుడు ఈ సినిమా టీవీలో చూసినప్పుడు వాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు, అందరూ హెల్మెట్ పెట్టుకున్న సిపాయిలే. ఇప్పుడు తెలిసి చూసినా వెతుక్కోవాలి. రెండోది 1965 నాటి 'టెన్ లిటిల్ ఇండియన్స్', అగాథా క్రిస్టీ కథ. పదిమంది ఓ ఇంట్లో చిక్కుకుపోతారు, ఒక్కొక్కరే చస్తారు. నవలలో మొదట చచ్చేది డబ్బున్న సోకుల కుర్రాడు. సినిమాలో ఆ పాత్రని పాప్ సింగర్‌గా మార్చి ఫేబియన్‌కి ఇచ్చారు. అందరికంటే ముందు గాయకుడు పోయాడు. హాలీవుడ్‌కి హాస్యం లేదని ఎవరన్నారు?

ఆ తర్వాత అమెరికన్ ఇంటర్నేషనల్ అనే సంస్థకి కార్ల రేసు సినిమాలు, ఇంకా చవక సినిమాలు చేశాడు. పనైతే ఆగలేదు. 1980లో 'ది ఐడల్‌మేకర్' అనే సినిమా వచ్చింది. మార్కుచీ సలహాదారుగా, మార్కుచీ కథ లాంటి కథతో. అందులో పాట రాని అందగాడి పాత్ర చూసి ఫేబియన్ పరువు నష్టం దావా వేశాడు, చివరికి రాజీ కుదిరింది. 65 వేలు కట్టి ఇరవై ఏళ్లయ్యాక కూడా అతని కథని వేరేవాడు అమ్ముకుంటున్నాడన్నమాట.

అందరికీ ఇలాగే జరిగిందా అంటే లేదు. బాబీ డారిన్ కూడా 1958లో టీనేజ్ పాటతోనే పైకొచ్చాడు. 1963 నాటి 'క్యాప్టెన్ న్యూమన్, ఎం.డి.'లో యుద్ధం వల్ల మనసు దెబ్బతిన్న సైనికుడిగా చేసి ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడు. తేడా ఏంటంటే డారిన్ సంగీతకారుడు. పాటలు తనే రాసేవాడు, వాయిద్యాలు వాయించేవాడు. పాట అతని సొంతం కాబట్టి దాన్ని పక్కనపెట్టే అధికారం కూడా అతనికే ఉంది.

మన దగ్గర ఈ జాతి గాయకుడు చాలాకాలం ఎందుకు పుట్టలేదు? కారణం మన పదంలోనే ఉంది: నేపథ్య గాయకుడు. వెనక ఉండేవాడు. చిత్తూరు నాగయ్య, భానుమతి కాలంలో పాడేవాళ్లే నటించారు. ప్లేబ్యాక్ గట్టిపడ్డాక గొంతు ఒకరిది, ముఖం మరొకరిది అయింది. మనకి గంట దూరంలో విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల గొంతు తెలియని తెలుగువాడు లేడు. కానీ ఆ గొంతు వినగానే చాలామంది కళ్ల ముందుకొచ్చేది రామారావో నాగేశ్వరరావో. అదే విజయనగరంలో పుట్టిన సుశీల గారిదీ అంతే. ఎస్పీ బాలు తెరమీదకి నటుడిగా గట్టిగా వచ్చేసరికి నలభైల్లో ఉన్నారు. 'ప్రేమికుడు'లో తండ్రి, ఇంకా తర్వాత 'మిథునం'లో ముసలాయన. అప్పటికి ఆయన ముఖం మీద ఎవరికీ హక్కుల్లేవు, అందుకే అంత హాయిగా చేశారు.

గాయకుడి ముఖాన్ని ఇంటింటికీ తెచ్చింది టీవీ. 1996లో ఈటీవీ 'పాడుతా తీయగా' మొదలైంది. అక్కడ మాత్రం పాటే పరీక్ష, తప్పు పాడితే బాలుగారు నవ్వుతూనే పట్టుకునేవారు. తర్వాత ఓట్ల పోటీలు వచ్చాయి. పాటతో పాటు ముఖం, మాట, కన్నీళ్లు, ఇంటి కష్టం అన్నీ లెక్కలోకి వచ్చాయి. 2010లో ఇండియన్ ఐడల్ గెలిచిన శ్రీరామచంద్ర మూడేళ్ల తర్వాత సినిమాల్లో హీరోగా చేశాడు. విశాఖలో పెరిగిన రేవంత్ 2017లో ఇండియన్ ఐడల్, 2022లో బిగ్‌బాస్ గెలిచాడు. ఇద్దరికీ నిజంగా గొంతు ఉంది, 'మనోహరి' విన్నవాళ్లకి రేవంత్ గురించి నేను చెప్పక్కర్లేదు. ఇద్దరూ బిగ్‌బాస్ ఇంటికి వెళ్లడం మాత్రం గమనించాలి. ఈ కాలం గాయకుడికి తెర ఇస్తున్న పాత్ర వేరే మనిషిది కాదు. నువ్వు నువ్వుగానే వంద రోజులు కనిపించు అంటోంది.

ఇక గాజువాక కాగితాల దగ్గరికొస్తాను. కుర్రాడికి 18 నిండలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదు, 1903లో ప్రీవీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలంలో మనకి పైకోర్టు, ఆ సంగతి తేల్చిచెప్పింది. అందుకే పదకొండో పేజీలో తండ్రి సంతకానికి గడి పెట్టారు. మరి పిల్లల్ని కాపాడే వేరే చట్టం లేదా? ఉంది. 2017 బాలకార్మిక నిబంధనల ప్రకారం బాలనటుల చేత రోజుకి ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా మూడు గంటలకు మించకూడదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరిట జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. బాగానే ఉంది. కానీ ఇదంతా 14 ఏళ్ల లోపు వాళ్లకి. ఐదేళ్ల పాప సీరియల్‌లో నటిస్తే లెక్క అడిగేవాళ్లున్నారు. 15, 16, 17 ఏళ్లవాణ్ని అడిగేవాళ్లు లేరు. గొంతు మారి, మీసం మొలిచి, రీల్స్‌లో లైకులు పడే వయసు సరిగ్గా అదే. సంస్థలు వెతికేదీ ఆ వయసువాళ్లనే.

కనీసం ఆ 20 శాతం నిబంధననైనా 18 ఏళ్ల దాకా పొడిగిస్తే ఏ నిర్మాతా మునిగిపోడు. కాంట్రాక్టు ఎన్నేళ్లదైనా, 18 నిండిన రోజు కుర్రాడికి ఖర్చు లేకుండా బయటికి వెళ్లే అవకాశం ఒకసారి ఇవ్వాలని కూడా రాయొచ్చు. ఫేబియన్ 65 వేలు కట్టింది ఆ తలుపు కోసమే.

మా మిత్రుడు అలాంటి క్లాజు ఒకటి కలపమని ఆ సంస్థకి మెయిల్ పెట్టాడు. అటునుంచి జవాబు లేదు. కుర్రాడికి పదిరోజులు టెన్షన్, అన్నం సరిగ్గా తినలేదు, నాతో కూడా ముభావంగానే ఉన్నాడు. ఓ రోజు వాడికి 'నార్త్ టు అలాస్కా'లో ఆ పాట ముక్క చూపించాను. రెండు నిమిషాలు చూసి, "అంకుల్, ఇతను శ్రుతిలో లేడు కదా" అన్నాడు. అవునన్నాను. "మరి యాక్టింగ్ బానే చేస్తున్నాడే" అని మళ్లీ వెనక్కి జరిపి, పాట వదిలేసి, దాని ముందు సీన్ చూశాడు.

పరీక్షలు మార్చిలో అయిపోయాయి. ఇంటర్ గట్టెక్కితే తలనీలాలు ఇప్పిస్తానని వాళ్లమ్మ ఎప్పుడో సింహాద్రి అప్పన్నకి మొక్కుకుందట. రిజల్ట్స్ వచ్చిన వారానికి సింహాచలం కొండ మీద నుంచి ఫొటో పంపింది. గుండు, నుదుటిన నామం, ఎండకి ముడిచిన కళ్లు. అగ్రిమెంటు స్పైరల్ కాపీ ఇంకా వాళ్లింట్లో టీవీ పక్కనే ఉంది, దాని మీద కరెంటు బిల్లులు పెడుతున్నారు.